బొంత మూలలో గుప్పెడు వడ్లు

మా బొంతలక్క పోయిందన్న కబురు నాకు సింధనూరులో ఆసుపత్రి వరండాలో తెలిసింది. అప్పుడే నర్సమ్మ మా మనవరాలిని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎర్రగా, ముడతలు ముడతలుగా, గుప్పెళ్ళు మూసుకుని ఉంది. నేను దాని మొహం చూస్తూ, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నాను. ఆ నవ్వు నా మొహం మీద ఉండగానే జేబులో ఫోను మోగింది. మా పక్కింటావిడ.

"బాబాయ్, బొంతలక్క పొద్దున్న లేవలేదండీ. నిద్రలోనే పోయింది" అంది.

బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. ఏడుపు వచ్చేసింది. నవ్వు మాత్రం పోలేదు. రెండూ ఒకేసారి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఆ నర్సమ్మనే అడగాలి. "ఏం తాతా, ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తున్నావా?" అని కన్నడంలో కసిరింది. "లేదమ్మా తల్లీ, ఆడపిల్ల పుట్టిందని నవ్వుతున్నాను. ఏడుపు ఇంకొకావిడ కోసం" అని నాకొచ్చిన కన్నడంలో చెప్పాను.

ఈ నాలుగు మాటలూ ఆ ఇంకొకావిడ గురించే. నేను చదివింది ఐదో తరగతి. రాతలో తప్పులుంటే మన్నించండి. ఇందులో సంతోషం ఎక్కువైందని మీకనిపిస్తే మాత్రం నన్ను మన్నించనక్కర్లేదు, ఎందుకంటే దాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. చావు గురించి రాసేటప్పుడు మొహం వేలాడదీసుకోవాలని చాలామంది అనుకుంటారు. బొంతలక్క అలా అనుకోలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాణ్ణి, నేనూ అనుకోను.

మేముండేది జవళగేర పక్కన క్యాంపులో. కాలవ నీళ్ళు వచ్చిన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబాలు మావి. బొంతలక్క మావాళ్ళ మనిషి కాదు. పుట్టింది యరగేరలో, కాపరానికి వెళ్ళింది మాన్వికి. భర్త అక్కడ పత్తి మార్కెట్టులో హమాలీ. మూటలు మోసీ మోసీ, ఒకరోజు మూట దించి పక్కన కూర్చుని ఇక లేవలేదట. పిల్లలు లేరు. నాట్లకని ఆడకూలీలతో కలిసి మా క్యాంపుకు వచ్చి, మా ఇంటి వెనక రేకుల ఇంట్లో ఉండిపోయింది. నాట్ల కాలంలో నాట్లు, కోతల కాలంలో కోతలు, మిగతా రోజుల్లో బొంతలు.

ఆమె మాట మా ఆడవాళ్ళకు మొదట్లో వింతగా ఉండేది. "మీ తెలుగేంటక్కా అలా ఉంటుంది?" అని మా ఇంటావిడ ఒకసారి అడిగింది. "మాది తెలుగే తల్లీ. మీదే సినిమాలెక్క ఉంటది" అంది. మా ఇంటావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆరోజు నుంచి వాళ్ళిద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని అన్నం తినేవారు.

బొంత కుట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, కదలకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ వస్తారు. అందరూ చేసేది అదే. కాని అందరూ బట్టలో అరిగిన చోటు, మరక పడిన చోటు చూసి అడుగు పొరలో పెడతారు, పైకి బాగున్న ముక్క వేస్తారు. బొంతలక్క అలా చేయదు. అరిగిన ముక్కను పైకి తెస్తుంది. తెచ్చి సరిగ్గా మధ్యలో పెడుతుంది.

"అదేంటక్కా, చిరుగును సింగారిస్తున్నావు?" అని నేను ఎగతాళి చేశాను.

"అది చిరుగు కాదు తమ్మీ. అక్కడ మనిషి పని చేసిండు. మిగిలిందంత ఉత్త బట్ట" అంది.

ఆమె సొంత బొంత మధ్యలో భర్త చొక్కాల కుడి భుజాలు ఉండేవి. అన్నీ కుడి భుజాలే. మూట ఆనీ ఆనీ దారాలు తేలి, జల్లెడలా అయిపోయిన ముక్కలు. వాటిని పూవు రేకుల్లా గుండ్రంగా చేర్చి కుట్టింది. రాత్రి పడుకునేటప్పుడు తల అక్కడ పెట్టుకునేది.

మా ఇంటావిడ జ్వరంతో పోయింది. అప్పటికి మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది. కర్మ అయిన మర్నాడు ఆమె బట్టలన్నీ మూట కట్టి కాలవలో వదలడానికి పట్టుకెళ్ళాను. మాలో ఆచారం అదే, పోయినవాళ్ళ బట్ట ఇంట్లో ఉండకూడదు. రేవులో బొంతలక్క బట్టలు ఉతుక్కుంటోంది.

"ఏంది తమ్మీ అది?"

"మీ మరదలి బట్టలక్కా."

"అండ్ల పట్టుచీర గిట్ల ఉన్నదా?"

"ఒకటుంది."

"దాన్ని నీ ఇష్టం, ఇడిసిపెట్టు. నాట్లప్పుడు కట్టేది ఏది?"

తీసి చూపించాను. ఆకుపచ్చది, వెలిసిపోయింది. అంచంతా నల్లరేగడి పట్టి గట్టిపడింది, ఎన్నిసార్లు ఉతికినా వదలని మరక. నడుం దగ్గర ఎగదోపిన చోట పోగులు ఊడి ఉన్నాయి. అది చూడగానే నాకు ఆమె వంగిన నడుము కనబడింది.

"గిది నాకియ్యి" అంది.

"పోయినవాళ్ళ బట్ట ఉంచుకోకూడదంటారక్కా."

"ఎవరంటరు?"

"అందరూ."

"అందరు నాట్లేసిన్రా గీ చీరతోని? ఆమె ఏసింది. ఆమెనడుగు, ఇడువాల్నా ఉంచాల్నా."

నేను ఆమెను అడగలేను కదా. చీర ఇచ్చేశాను.

ఆరోజు సాయంత్రం వచ్చి మా అమ్మాయిని వసారాలో కూర్చోబెట్టింది. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు, పెట్టిన అన్నం కెలికి లేచిపోయేది. నేను ఆ పిల్లను కూడా పోగొట్టుకుంటానేమోనని లోపల్లోపల చచ్చిపోతున్నాను. బొంతలక్క సూదిలో దారం ఎక్కించి దాని చేతికిచ్చింది. తన దగ్గర ఒక కట్టుబాటుంది. పోయినవాళ్ళ బట్ట కుట్టేటప్పుడు నోరు మూసుకుని కుట్టకూడదు, వాళ్ళ ముచ్చట చెప్పాలి. అందులోనూ మంచి ముచ్చట్లు అడగదు.

"చెప్పు బిడ్డా, మీ అమ్మ నిన్ను ఏమేం తిట్టేది?"

మా అమ్మాయి చాలాసేపు కుట్టింది. తర్వాత చిన్నగా, "దున్నపోతా అనేది" అంది.

"ఇంకా?"

"మీ నాన్న పోలిక, కూర్చుంటే లేవవు, లేస్తే కూర్చోవు అనేది."

"సరిగ్గనే అన్నది. ఇంకా?"

తలుపు వెనక నుంచి వింటున్నాను. నా పెళ్ళాం తిట్లన్నీ ఒక్కొక్కటీ వరసగా వస్తున్నాయి. సగం నన్ను తిట్టినవే. ఆ పిల్ల చెబుతూ చెబుతూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. బొంత మీద వాలిపోయి ఏడ్చింది. "ఏడువు, పాత బట్టనే, ఏం గాదు" అంటూ బొంతలక్క పక్క వరస కుట్టుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం అడిగి పెట్టించుకుంది. అందుకు నేను ఆమెకు ఏమివ్వగలను చెప్పండి? ఈ రాత తప్ప.

బొంత ఆఖరి మూల మూసేముందు అందులో తిండి పెట్టడం వాళ్ళవైపు అలవాటు. ఎండబెట్టిన జొన్నరొట్టె ముక్క ఒకటి లోపల పెట్టి కుట్టేస్తారు. బొంత ఆకలితో ఉంటే కప్పుకున్నవాళ్ళకు నిద్ర పట్టదట. అది ఆ ఇంటివాళ్ళే పెట్టాలి. "పోయి తిండి తే తమ్మీ" అంది. మా ఇంట్లో రొట్టెలు ఎక్కడివి? మేము అన్నం తినేవాళ్ళం. ఆలోచించకుండా విత్తనాల బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తెచ్చి మూలలో పోశాను. మా అమ్మాయి కుట్టేసింది. తర్వాత తడిమి చూసి బొంతలక్క నా వంక చూసింది.

"ఏంది తమ్మీ, వడ్లు పోసినవా? ఊకతోని తింటదా బొంత?"

"మరి చెప్పొద్దూ నువ్వు!"

"కానీ. చేను మనిషి, ఆమెనే దంచుకుంటది."

వానల్లో ఆ బొంత ఉతికాం. సరిగ్గా ఆరకుండానే మడిచి పెట్టె మీద పెట్టాను. కొన్నాళ్ళకు మా అమ్మాయి కేక వేసింది, "నాన్నా, అమ్మ బొంత చూడండి!" అని. మూలలోంచి కుట్ల సందుల్లో పచ్చగా మొలకలు పొడుచుకొచ్చాయి. నేను భయపడ్డాను, అపచారం జరిగిందనుకున్నాను. బొంతలక్క వచ్చి చూసి నేల మీద చతికిలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఓ తమ్మీ! నీ పెండ్లాం పోయినంక గూడ ఊకుంటలేదు, నారు పోసింది సూడు!"

అంతటితో ఆగలేదు. మూల విప్పి, ఆ మొలకలు తడిగుడ్డలో పెట్టి, మా ఇంటావిడ ఏటా నాట్లు మొదలుపెట్టే మడి మూలలో తన చేత్తో నాటింది. పంటకొచ్చాక ఆ కంకులు వేరుగా కోసి, గింజలు సీసాలో పోసి దేవుడి గూట్లో పెట్టుకున్నాం. అప్పటి నుంచి ప్రతి ఏడూ నారుమడిలో అవి కొన్ని చల్లుతాం, కొత్త గింజలు సీసాలోకి వస్తాయి.

కొంతమందికి ఇదంతా నచ్చలేదు. మా అమ్మాయి ఆ బొంత పట్టుకెళ్ళి రామాలయంలో శనివారం భజనలో తల్లి కూర్చునే చోట పరుచుకుని కూర్చుంది. మా క్యాంపు పెద్దాయన ఒకరు తాళాలు ఆపించారు. "ఒరే అబ్బాయ్, చచ్చిన మనిషి చీర గుళ్ళోకి తెచ్చావేంట్రా? నీకు బుద్ధుండక్కర్లా?" అన్నారు. నేను అమ్మాయిని లేపబోయాను. గుమ్మం దగ్గర కూర్చున్న బొంతలక్క లేచి నిలబడింది.

"అయ్యా, దేవుడు కట్టి ఇడిసిన బట్ట మీ బుజం మీద కప్పితే మురుస్తరు గద?"

"అది దేవుడమ్మా!"

"అవు. ఆయన నిలవడి కట్టిండు. గీమె వంగి కట్టింది. గంతే గద తేడా?"

ఆయన తాళాలవాళ్ళ వైపు తిరిగారు. "పాడండర్రా" అన్నారు చివరికి. భజన మళ్ళీ మొదలైంది. మేము అక్కడి నుంచి కదల్లేదు. ఇప్పటికీ ఆ చోటు మాదే.

ఆమె భక్తి అలాంటిది. మొదటి దారం ఎల్లమ్మ పేరు చెప్పి ఎక్కించేది, ముడి వేసేటప్పుడు కళ్ళకద్దుకునేది. అంతే, ఆ తర్వాత దేవుణ్ణి విసిగించేది కాదు. "ఆమెకు పని ఉండదా? నాకుండదా?" అనేది.

ఒకసారి మాన్విలో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. ఎవరో వచ్చి ఆమె భర్త భుజాల బొంత అడిగి తీసుకెళ్ళారు. మేమందరం బస్సెక్కి చూడటానికి వెళ్ళాం. గోడకు మేకులు కొట్టి వేలాడదీశారు, కింద ముట్టుకోవద్దని అట్ట పెట్టారు. బొంతలక్క కాసేపు నిలబడి చూసింది. తర్వాత అంచు పట్టుకుని లాగి కిందికి దించేసింది. నేల మీద పరిచి, చెప్పులు విడిచి, మధ్యలో కూర్చుంది.

అక్కడి కుర్రాయన పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా అమ్మా, ఇది కళ అమ్మా! కింద వేయకూడదు!"

"నేను కూసుంటే పోతదా బాబు నీ కళ?" అంది. "మా ఆయన దినమంత నిలవడ్డడు. మల్ల గోడకు నిలవెడ్తవా? జరా పండనియ్యి."

ఆ కుర్రాయన మంచివాడు. అట్ట తీసేసి తనూ ఒక అంచున కూర్చున్నాడు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో, ఏ పని చేసేవారో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆరోజు ఆ గదిలో గోడల వంక చూసినవాళ్ళు లేరు.

మా అమ్మాయి పురిటికి ఇంటికి వచ్చాక బొంతలక్క ఒక చిన్న బొంత మొదలుపెట్టింది. తన చీరలతోనే. మధ్యలో తన కుడి మోకాలు ఆనిన ముక్క. ఎన్నేళ్ళు బొంతల మీద ఆ మోకాలు మోపి కుట్టిందో, ఆ ముక్క పసిపిల్ల చెంపలా మెత్తబడిపోయింది.

"నీ చీరలెందుకక్కా, నీకు కట్టుకోవడానికి ఉండొద్దూ?" అన్నాను.

"నేను పోయినంక కుడితే మీ వియ్యపురాలు ముట్టనిస్తదా? గందుకే బతికుండంగ కుడుతున్న. ఇప్పుడేమంటదో సూస్త."

ఆఖరి మూల మాత్రం మూయలేదు. "బిడ్డ పుట్టాక దాని చేత్తో గింజ ముట్టించి మూద్దాం అత్తా" అని మా అమ్మాయి అంది. సరేనని సూది ఆ మూలలోనే గుచ్చి పెట్టింది. అలా పెట్టిన సూది అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రి నుంచి నేను తిన్నగా రేకుల ఇంటికే వెళ్ళాను. యరగేర నుంచి ఆమె మేనల్లుడు వచ్చాడు. భర్త భుజాల బొంత ఆమె మీదే కప్పి మట్టి చేశాం, ఆమె చెప్పి పెట్టిన మాట అది. తిరిగొచ్చాక అతను ఇల్లు ఖాళీ చేస్తూ బట్టలన్నీ మూట కడుతున్నాడు. సూది వేలాడుతున్న చిన్న బొంత కూడా ఆ మూటలో పెట్టాడు.

"అది ఇటివ్వు బాబూ. అది మా మనవరాలిది" అన్నాను.

"పెద్దాయనా, అంత అత్త చీరలే. కాల్వల ఏస్తం. పసిపిల్లకు గిది ఎందుకు?"

"బాబూ, మీ అత్త ఒకసారి నా మూటలోంచి చీర లాక్కుంది. ఈరోజు నా వంతు."

లాక్కున్నాననే చెప్పుకోవాలి. ఈ వయసులో ఒక కుర్రాడితో బట్ట కోసం గుంజులాడాను, నాకేం సిగ్గు లేదు. అతను వదిలేసి, రొట్టెల బుట్ట కూడా తెచ్చి నా పక్కన పెట్టాడు. "గిదీ తీసుకపో, నీకే ముట్టాలె" అన్నాడు. అందులో ఆమె ఆఖరుగా చేసుకున్న రొట్టె ఎండి ఉంది.

పిల్లను ఉయ్యాలలో వేసేరోజు మా వియ్యపురాలు జిప్పు ఉన్న కొత్త పరుపు తెచ్చారు, మీద ఏనుగు బొమ్మలతో. మంచి మనిషే, మా అమ్మాయిని బాగా చూసుకుంటారు. ఉయ్యాలలో బొంత చూసి ఆగిపోయారు.

"అన్నయ్యగారూ, ఇది ఆవిడ చీరలే కదండీ? పోయినావిడవి?"

"అవును చెల్లెమ్మా."

"పసిగుడ్డు కిందా? మొదటిరోజే? మీకు ఎవరూ చెప్పలేదా అండీ?"

"అందరూ చెప్పారమ్మా. ఆవిడ పోయినప్పుడు మనకు మైల ఉందా అని అడిగితే ఆవిడ మనకేమవుతుంది, పరాయిది, మైల లేదన్నారు. ఇప్పుడు బట్ట దగ్గరికి వచ్చేసరికి చావు అంటుకుంటుందంటున్నారు. అంటుకునేటంత దగ్గరిదైతే మరి మాకు మనిషే కదా? ఏదో ఒకటి చెప్పమనండి."

"వాదించకండి అన్నయ్యగారూ, నాకు భయంగా ఉంది."

భయం అన్నాక వాదన మానేశాను. ఆమెకూ ఒకతే మనవరాలు. మా అమ్మాయి మాత్రం లేచి వెళ్ళింది. దేవుడి గూట్లోంచి సీసా దించింది. నేను ఎండు రొట్టె తుంచి ఇచ్చాను. రొట్టె ముక్క, గుప్పెడు వడ్లు, రెండూ పిల్ల మూసిన గుప్పిటికి తాకించి మూలలో పోసింది. ఆ వేలాడే సూదితోనే కుట్టసాగింది. కుడుతూ పైకే చెబుతోంది, "ఈ బొంత కుట్టిన మా అత్త నన్ను బద్ధకపుదానా అనేది. నీ కుట్లు కోడి గీకినట్టు ఉంటాయే అనేది." ముడి వేసి, పళ్ళతో దారం కొరికి, పిల్లను ఆ మోకాలి ముక్క మీద పడుకోబెట్టింది. నేను ఉయ్యాల ఊపాను. పెద్దగా పాడాను కూడా, రాగం రాకపోయినా. మా వియ్యపురాలు మొహం తిప్పుకుని గోడవైపు కూర్చున్నారు.

పిల్ల కాసేపు పడుకుంది. తర్వాత కెవ్వుమంది. మేమిద్దరం తండ్రీకూతుళ్ళం బిత్తరపోయి చూస్తున్నాం.

"చూస్తారేంటండీ ఇద్దరూ! తడిపేసింది!" అంటూ మా వియ్యపురాలే లేచి వచ్చారు. పిల్లను ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో బొంత లాగి, విసవిసా నడిచి వెళ్ళి పెరట్లో దండెం మీద ఆరేశారు. భయమన్న మనిషి! ఆరేసి ముడత సాపు చేస్తూ, చెయ్యి మధ్య ముక్క మీద ఆగిపోయింది. ఇంకోసారి నిమిరి చూశారు. "ఆ పరుపు దీని కింద వేయండి, ఇది పైన ఉంటుందిలే" అన్నారు నా వంక చూడకుండా.

ఇప్పుడు ఆ బొంత రోజూ మా దండెం మీదే ఉంటోంది. ఇటు ఆరుతుంది, అటు మళ్ళీ తడుస్తుంది. ఆ మూల మాత్రం ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. "విప్పి ఆరబెట్టనా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. వద్దన్నాను. పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోకముందే దండెం దగ్గరికి వెళ్ళి ఆ మూలను తడిమి చూసుకుంటున్నాను. ఇవాళ వేలికి ఏదో తగిలింది. దారం ముడేమో అనుకుని కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను.

తెల్లగా ఉంది. కుట్టును పక్కకు నెట్టుకుని బయటికి వస్తోంది.